తెల్ల గుండు తిన్నగా వెళ్లాలంటే

రైఫిల్ మొత్తం విప్పేసి ఉంది. మడమ ఒక పక్క, నల్లటి గొట్టం ఇంకో పక్క. మధ్యలో పరిచిన పాత బనియన్ గుడ్డ మీద సిలిండరు, పిస్టన్, జానెడు పైచిలుకు పొడవున్న స్ప్రింగు వరసగా ఉన్నాయి. వాటి సందున కంటికి ఆనీ ఆననట్టు మరో వస్తువుంది, చిటికెన వేలి కొసంత రబ్బరు తొడుగు. విప్పిన మనిషి అన్నిటికంటే ఎక్కువ సేపు దానితోనే గడుపుతాడు. సబ్బు నీళ్లతో కడిగి జిడ్డు వదిలిస్తాడు. ఆరాక ఇత్తడి గొట్టం చివర తొడుగుతాడు. కుళాయి బిగించేటప్పుడు ప్లంబరు మర చుట్టూ చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు ఉంటుంది కదా, దాన్నే రెండు చుట్లు చుట్టి గాలి బయటికి పోకుండా బందోబస్తు చేస్తాడు. ఎక్కడైనా ముడత పడితే విప్పి మళ్లీ మొదలుపెడతాడు.

ఇది నిజం తుపాకీ కాదు, ఎయిర్‌సాఫ్ట్ స్నైపర్ రైఫిల్. ఇందులోంచి వచ్చేది ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు. ఆటగాళ్లు దాన్ని బీబీ అంటారు. తిరునాళ్లలో పిల్లలకు కొనిపెట్టే బొమ్మ తుపాకీలోని పసుపు గుండ్లు చూసినవాళ్లకు ఇవి కొత్త కావు. ఆ బొమ్మ గుండు ఎదురు గోడ దాకా బాగానే వెళ్తుంది, వీధి దాటేసరికి మాత్రం ఎటో పోతుంది. అలాంటి గుండునే యాభై, అరవై మీటర్ల అవతల నిలబడ్డ మనిషి చొక్కాకు తగిలేలా పంపాలంటే ఏం చేయాలి? రైఫిల్ లోపలి భాగాలు మార్చే పనంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. బలమైన స్ప్రింగు వేస్తే సరిపోతుందని కొత్తగా వచ్చినవాళ్లు అనుకుంటారు. ఈ పనిలో నలిగినవాళ్లు స్ప్రింగు సంగతి చివర్లో చూస్తారు.

ఈ ఆట 1970ల్లో జపాన్‌లో పుట్టింది. అక్కడ మామూలు పౌరుడు తుపాకీ ఉంచుకోవడం దాదాపు అసాధ్యం. ఆ సరదా తీర్చుకోవడానికి గాలితో ప్లాస్టిక్ గుండ్లు వదిలే నమూనా తుపాకులు వచ్చాయి. వాటితో మైదానాల్లో, అడవుల్లో జట్లుగా ఆడుకునే అలవాటు మొదలైంది. బోల్టు లాగి ఒక్కో గుండూ పేల్చే రైఫిళ్లలో టోక్యో మరూయి కంపెనీ వీఎస్‌ఆర్-10 అందరికీ తెలిసిన పేరు. దాని కొలతలకు సరిపోయేలా ఎన్నో కంపెనీలు విడి భాగాలు తయారుచేస్తున్నాయి. పాత స్కూటరుకు ఏ ఊళ్లోనైనా స్పేరు దొరికినట్టు దీని విడి భాగాలు ఇట్టే దొరుకుతాయి. అందుకే లోపలి భాగాలు మార్చడం నేర్చుకునేవాళ్లలో చాలామంది దీనితోనో, దీన్ని పోలిన రైఫిల్‌తోనో మొదలుపెడతారు.

జపాన్ చట్టం 2006 నుంచి ఆరు మిల్లీమీటర్ల గుండు శక్తికి గట్టి హద్దు పెట్టింది. అది దాదాపు 0.98 జౌళ్లు. 0.2 గ్రాముల గుండు సెకనుకు 99 మీటర్ల వేగంతో వెళ్తే ఆ హద్దును తాకుతుంది. బ్రిటన్‌లో 2017 చట్టం ఒక్కో గుండు పేల్చే రకానికి 2.5 జౌళ్ల వరకు, ఆగకుండా పేల్చే రకానికి 1.3 జౌళ్ల వరకు అనుమతించింది. ఆ గీత దాటితే అది ఆటవస్తువు కాదు, ఆయుధం కిందికి వస్తుంది. అంటే శక్తి ఎంతుండాలో ముందే తేలిపోయింది. ఇక ఆటగాడి చేతిలో మిగిలింది ఆ కాస్త శక్తినీ వృథా కాకుండా, ప్రతిసారీ ఒకేలా గుండుకు అందించడం.

గుండుకు అసలు శత్రువు గాలి. సెకనుకు 100 మీటర్ల వేగంతో పోయే ఆరు మిల్లీమీటర్ల గోళాన్ని గాలి ఎంత బలంగా వెనక్కి తోస్తుందో లెక్క కడితే సుమారు 0.08 న్యూటన్లు వస్తుంది. వినడానికి చాలా చిన్న అంకె. 0.2 గ్రాముల గుండు బరువుతో పోల్చి చూస్తే మాత్రం అది నలభై రెట్లు. భూమి కిందికి లాగే బలం కంటే గాలి వెనక్కి నెట్టే బలం నలభై రెట్లు ఎక్కువన్నమాట. ఆ దెబ్బకు గుండు ప్రతి 17 మీటర్లకూ తన వేగంలో సగం పోగొట్టుకుంటుంది.

అదే సైజులో 0.4 గ్రాముల గుండు తీసుకుందాం. గాలి తోపు మారదు, ఎందుకంటే అది సైజు మీద, వేగం మీద ఆధారపడుతుంది. బరువు రెట్టింపైంది కాబట్టి ఆ తోపుకు గుండు అంత తేలిగ్గా లొంగదు. వేగం సగమవడానికి దీనికి దాదాపు 35 మీటర్లు పడుతుంది. రెండిటికీ 2.5 జౌళ్ల శక్తే ఇచ్చి పక్కపక్కనే వదిలితే, తేలిక గుండు 158 మీటర్ల వేగంతో, బరువు గుండు 112 మీటర్ల వేగంతో బయల్దేరతాయి. 17 మీటర్లు దాటేసరికే రెండూ ఒకే వేగానికి వస్తాయి. 50 మీటర్ల దగ్గర తేలిక గుండు వేగం 21 మీటర్లకు పడిపోగా, బరువు గుండు ఇంకా 41 మీటర్ల వేగంతో ఉంటుంది. మెల్లగా బయల్దేరిందే ముందు చేరుతుంది. బరువు గుండుకు ముప్పావు సెకను పడితే, తేలిక గుండుకు నిండు సెకను పడుతుంది.

పక్కగాలి సంగతీ ఇంతే. ఆకులు కదిలించేంత గాలి, అంటే సెకనుకు రెండు మీటర్ల వేగంతో వీచేది, 50 మీటర్ల దూరంలో తేలిక గుండును మీటరుకు పైగా పక్కకు లాగేస్తుంది. బరువు గుండును లాగేది అందులో సగం కన్నా తక్కువే. అందుకే స్నైపర్ పాత్ర ఎంచుకున్నవాళ్లు 0.2 జోలికి పోరు. 0.40, 0.43, 0.45 గ్రాముల గుండ్లు కొంటారు. సైజు పెంచకుండా బరువు పెంచాలంటే ప్లాస్టిక్‌లో బరువైన ఖనిజ పొడి కలపాలి. 0.4 గ్రాముల గుండు నీటికంటే మూడున్నర రెట్లు సాంద్రమైనది. అరచేతిలో వేసుకుంటే ప్లాస్టిక్ అని నమ్మబుద్ధి కాదు.

బరువు గుండుతో ఒక చిక్కు ఉంది. అడ్డంగా తిన్నగా పేలిస్తే 50 మీటర్లు చేరేలోపు అది రెండు మీటర్లకు పైనే కిందికి జారిపోతుంది. అంటే నిలువెత్తు మనిషి తలకు గురిపెడితే గుండు అతని కాళ్ల ముందు నేలలో పడుతుంది. దాన్ని గాలిలో నిలబెట్టే పని ఇందాకటి రబ్బరు తొడుగుది.

దాని వెనకున్న సూత్రం 280 ఏళ్ల కిందటిది. బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయ గణితవేత్త 1742లో తుపాకీ గుండ్ల గమనం మీద పుస్తకం వేశాడు. గురిచూసి పేల్చిన గుండు ఒక్కోసారి పక్కకు వంపు తిరిగి ఎందుకు పోతుందన్నది ఆయన్ను వేధించిన ప్రశ్న. గుండు తనచుట్టూ తాను తిరగడమే కారణమని ఆయన అనుమానం. దాన్ని రుజువు చేయడానికి ఆయన ఒక మస్కెట్ గొట్టాన్ని చివర్లో కొద్దిగా ఎడమకు వంచి, ఎదురుగా వరసగా తెరలు కట్టి పేల్చాడు. గొట్టం ఎడమకు వంగితే గుండు ఎడమకే పోవాలి. మొదట అలాగే పోయింది. ఆ తర్వాత గాలిలోనే దారి మార్చుకుని కుడివైపుకు తిరిగింది. వంపు దగ్గర గుండు గొట్టం కుడి గోడను రాసుకుంటూ వచ్చింది. ఆ రాపిడికి కుడి పక్క వెనకబడి గుండు గిర్రున తిరగడం మొదలైంది. ఏ పక్క వెనక్కి తిరుగుతోందో ఆ పక్కకే గాలి గుండును నెట్టింది.

రాబిన్స్ ఆ తర్వాతి కాలంలో ఈస్టిండియా కంపెనీ ఇంజినీరుగా కోరమాండల్ తీరానికి వచ్చాడు. కోటలు బాగుచేసే పనిలో ఉండగా 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. 1850ల్లో బెర్లిన్ భౌతిక శాస్త్రవేత్త గుస్టావ్ మాగ్నస్ ఇదే విషయాన్ని పరిశోధించడంతో లోకం దీన్ని మాగ్నస్ ప్రభావం అంటోంది. టేబుల్ టెన్నిస్‌లో కోసినట్టు కొట్టిన బంతి తేలుతూ వచ్చేది దీనివల్లే. స్పిన్నరు టాప్‌స్పిన్‌తో వదిలిన బంతి బ్యాట్స్‌మన్ ముందు హఠాత్తుగా దిగిపోయేదీ దీనివల్లే.

ఎయిర్‌సాఫ్ట్‌లో రాబిన్స్ కుడి గోడ స్థానంలో పై గోడ ఉంటుంది. గొట్టం మొదట్లో పైభాగాన చిన్న కిటికీ కోసి ఉంటుంది. దాని గుండా రబ్బరు తొడుగు లోపలికి కొద్దిగా ఉబ్బి ఉంటుంది. గాలి తోసినప్పుడు గుండు ఆ ఉబ్బును రాసుకుంటూ పోతుంది. దాంతో పై పక్క వెనకబడి, గుండు వెనక్కి తిరుగుతూ బయటికొస్తుంది. గాలి దాన్ని పైకి ఎత్తిపడుతుంది. పైకి ఎత్తే ఆ బలం బరువుకు సరిపోయినంత సేపూ గుండు గీత గీసినట్టు వెళ్తుంది. ఈ ఏర్పాటు పేరు హాప్-అప్. పక్కనున్న చిన్న మీటను జరిపితే ఉబ్బు పెరుగుతుంది, తగ్గుతుంది. మరీ ఎక్కువైతే గుండు నడుమ దారిలో ఆకాశంకేసి లేస్తుంది, తక్కువైతే ముందే రాలిపోతుంది.

కంపెనీ వేసిచ్చిన రబ్బరులో ఉబ్బు చిన్న బొడిపెలా ఉంటుంది. తేలిక గుండుకు అది చాలు. 0.4 గ్రాముల గుండును తిప్పాలంటే బొడిపెను బాగా నొక్కాలి, అప్పుడు గుండు నలిగి, ఒక్కోసారి ఒక్కో రకంగా జారుతుంది. అందుకని మార్చేవాళ్లు పొడవైన, చదునైన ఒత్తిడి ఉన్న రబ్బరు వేస్తారు. ఇంకొందరు కిటికీ మొత్తాన్ని నింపేలా రబ్బరు పట్టీ కోసి అమర్చే ఆర్-హాప్ అనే పద్ధతిలోకి వెళ్తారు. ఎక్కువ దూరం మెల్లగా రాసుకుంటే తిరుగుడు ఎక్కువ వస్తుంది, నిలకడగానూ వస్తుంది. రబ్బరు మెత్తదనం కూడా చూసుకోవాలి. 50 డిగ్రీల రబ్బరు మెత్తన, 70 గట్టి. చలికి రబ్బరు బిగుసుకుంటుంది కాబట్టి శీతాకాలంలో మెత్తటి రకం బాగా పట్టుకుంటుంది. ఒక్క చుక్క సిలికాన్ నూనె రబ్బరు మీద పడినా పట్టు పోయి గుండు తిరగకుండానే జారిపోతుంది. బల్ల దగ్గర సబ్బు నీళ్లతో అంతసేపు కడిగింది ఇందుకే. ఉబ్బు సరిగ్గా నడినెత్తిన లేకపోయినా అంతే సంగతులు. వెంట్రుకవాసి పక్కకు జరిగినా, రాబిన్స్ గుండు కుడికి తిరిగినట్టు ఇదీ పక్కకు తిరుగుతుంది.

ఇక ఆ గుండును తోసే గాలి సంగతి. ఈ రైఫిల్ లోపల ఉన్నది ఒక సైకిల్ పంపు. బోల్టు వెనక్కి లాగితే స్ప్రింగు నొక్కుకుని పిస్టన్ కొక్కేనికి చిక్కుతుంది. ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు దూకి సిలిండరులోని గాలిని సన్నని రంధ్రం గుండా గుండు వెనక్కి తోస్తుంది. పంపులో వాషరు ఎండిపోతే ఎంత కొట్టినా టైరు నిండదు, చేతులు పడిపోతాయి. ఇక్కడా అంతే. పిస్టన్ తలమీది రబ్బరు రింగు సిలిండరుకు ఒకచోట అంటి ఒకచోట అంటకపోతే, ఒకసారి 110 మీటర్ల వేగం, మరోసారి 104. ఆ తేడా 50 మీటర్ల దగ్గర గురి తప్పించడానికి చాలు. పరీక్ష సైకిల్ షాపులో చేసేదే. సిలిండరు ముందున్న రంధ్రాన్ని వేలితో గట్టిగా మూసి పిస్టన్‌ను తోయాలి. గాలి స్ప్రింగులా ఎదురు తన్ని పిస్టన్‌ను ఆపితే సీలు బాగున్నట్టు. పిస్టన్ మెల్లగా ముందుకు జారిపోతుంటే ఎక్కడో గాలి పోతున్నట్టు.

పిస్టన్ ముందు నుంచి గుండు వెనక భాగం దాకా గాలి కారే చోట్లు మూడు నాలుగుంటాయి. పిస్టన్ రింగు, సిలిండరు తల, రంధ్రం మొన రబ్బరులో కూర్చునే చోటు, రబ్బరు ఇత్తడి గొట్టాన్ని పట్టుకునే చోటు. మొదట చూపిన టెఫ్లాన్ టేపు ఈ చివరి చోటికే.

లోపలి గొట్టం సంగతి చూస్తే ఇక్కడ పని మైక్రాన్లలో ఉంటుంది. గుండు వ్యాసం 5.95 మిల్లీమీటర్లు. మామూలుగా వచ్చే గొట్టం లోపలి వ్యాసం 6.08. దాని బదులు 6.03 గొట్టం వేస్తే తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతే. గుండు చుట్టూ గాలి పారిపోయే సందు వైశాల్యం మాత్రం నలభై శాతం దాకా తగ్గుతుంది. అదే గాలితో ఎక్కువ శక్తి దొరుకుతుంది. 6.01 గొట్టంలో సందు ఇంకా తగ్గుతుంది. అయితే అందులో ఇసుక రేణువు పడినా గుండు ఇరుక్కుంటుంది. లోపలి నున్నదనం, తిన్నదనం వ్యాసం కన్నా ముఖ్యం.

పొడవు విషయంలో చాలామంది పొరబడతారు. గొట్టం పొడవుగా ఉంటే గురి పెరుగుతుందని అనుకుంటారు. వీఎస్‌ఆర్-10లోనే ఒక రకంలో గొట్టం 430 మిల్లీమీటర్లు, జీ-స్పెక్ అనే రకంలో 303. రెండూ బాగానే కొడతాయి. నిజం రైఫిల్‌లో లాగా ఇక్కడ గొట్టంలోని గాడులు గుండును తిప్పవు, తిప్పేది మొదట్లోని రబ్బరే. గొట్టం పొడవును సరిచూసుకోవాల్సింది సిలిండరులోని గాలితో. 430 మిల్లీమీటర్ల గొట్టం లోపలి చోటు 12 ఘన సెంటీమీటర్ల పైచిలుకు. సిలిండరు ఇచ్చే గాలి ఆ చోటు నింపి ఇంకా మిగలాలి. చాలకపోతే గుండు చివరికి చేరేలోపే వెనక ఖాళీ ఏర్పడి దాన్ని వెనక్కి పీలుస్తుంది. బయటి గొట్టంలో లోపలి గొట్టం వదులుగా కదలకుండా మధ్యలో రింగులు పెట్టడం చవకైన పని, దాని ఫలితం పెద్దది.

ఇప్పుడు స్ప్రింగు. స్ప్రింగుల పేర్లలో ఎం150 లాంటి అంకెలుంటాయి. 0.2 గ్రాముల గుండును సుమారుగా సెకనుకు అన్ని మీటర్ల వేగంతో పంపుతుందని దాని అర్థం. పెద్ద అంకె స్ప్రింగు వేయగానే మొదట మొరాయించేది ట్రిగ్గరు. పిస్టన్‌ను పట్టి ఉంచే కొక్కెం, అంటే సియర్, మామూలు వీఎస్‌ఆర్-10లో 45 డిగ్రీల వాలుగా ఉంటుంది. తలుపు తాళంలో ఏటవాలుగా కోసిన నాలుకను వేలితో నొక్కితే లోపలికి జారిపోతుంది, చదరంగా ఉన్న గడియ జారదు. పిస్టన్ కూడా ఆ వాలు మీద ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది. బలమైన స్ప్రింగు వేస్తే అంచు అరిగి, కొన్నాళ్లకు ట్రిగ్గర్ నొక్కకుండానే జారి పేలుతుంది. అందుకే పిస్టన్‌నూ ట్రిగ్గరునూ కలిపి 90 డిగ్రీల రకానికి మారుస్తారు. అప్పుడు తోపు వాలు మీద కాక నేరుగా లోహపు చట్రం మీద పడుతుంది. ఒకటి 90, మరొకటి 45 వేస్తే రెండూ పాడవుతాయి. స్ప్రింగు నొక్కుకునేటప్పుడు కొద్దిగా మెలి కూడా తిరుగుతుంది. దాని కింద బేరింగు ఉన్న గైడు వేస్తే ఆ మెలి పిస్టన్‌కు ఎక్కదు, బోల్టు లాగుడు నునుపవుతుంది.

భాగాలు మార్చినవాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. సిలిండరు పెద్దదై గాలి మిగులుతుంటే, బరువు గుండు గొట్టంలో ఎక్కువ సేపు ఉండి ఆ మిగులు గాలిని కూడా వాడుకుంటుంది. ఫలితంగా 0.2 గ్రాముల గుండుతో కొలిచినప్పుడు 2.2 జౌళ్లు చూపిన రైఫిల్, 0.45 గుండుతో ఆడేటప్పుడు గీత దాటిపోవచ్చు. ఆటగాళ్లు దీన్ని జౌల్ క్రీప్ అంటారు. ఆడబోయే గుండుతోనే కొలవాలన్న నియమం దీనివల్లే వచ్చింది. స్నైపర్ రైఫిల్‌తో దగ్గరివాళ్లను కొట్టకూడదని బ్రిటన్‌లో అనేక మైదానాలు 30 మీటర్ల కనీస దూరం పెడతాయి. కంటి రక్షణ లేకుండా మైదానంలో అడుగు పెట్టనివ్వరు. చొక్కా మీద చురుక్కుమనే గుండు కంటికి తగిలితే చూపే పోవచ్చు. శక్తి పెంచగలిగినవాడి మీద ఈ బాధ్యత అందరికంటే ఎక్కువగా ఉంటుంది.

గుండు వేగాన్ని కచ్చితంగా కొలిచే దారి చూపింది కూడా రాబిన్సే. బరువైన చెక్క దిమ్మను లోలకంలా వేలాడదీసి, గుండు తగిలి అది ఎంత ఊగిందో చూసి వేగం లెక్కగట్టాడు. ఇప్పుడు ఆ పని అరచేతిలో ఇమిడే క్రోనోగ్రాఫ్ చేస్తుంది. కాంతి గడపలు రెండుంటాయి, వాటి మధ్య దూరం దాటడానికి పట్టిన సమయాన్ని అది కొలుస్తుంది. గడపల మధ్య పది సెంటీమీటర్లుంటే, 100 మీటర్ల వేగంతో పోయే గుండుకు పట్టేది సెకనులో వెయ్యో వంతు.

బల్ల దగ్గరి మనిషి ఇప్పుడు రైఫిల్ బిగించేశాడు. పది గుండ్లు పేల్చి పది అంకెలూ నోటు పుస్తకంలో రాసుకుంటాడు. అతను చూసేది అన్నిటికంటే పెద్ద అంకెను కాదు, పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడాను. తర్వాత 50 మీటర్ల దూరంలో అట్టముక్క నిలబెట్టి, గాలి తగ్గేదాకా ఆగి, మళ్లీ పది. ఒకసారికి ఒక్క భాగమే మారుస్తాడు. రెండు ఒకేసారి మారిస్తే మేలు దేనివల్ల జరిగిందో తేల్చుకోలేడు. తొమ్మిది గుండ్లు జానెడు మేరలో పడి పదోది పక్కకు పోయిందా, స్ప్రింగు జోలికి పోడు. గొట్టం బయటికి తీసి, శుభ్రమైన గుడ్డ చుట్టిన కడ్డీ ఆ కొస నుంచి ఈ కొసకు లాగి, కిటికీ వెలుతురుకేసి పట్టుకుని, ఒక కన్ను మూసి లోపలికి చూస్తాడు.